పేర్రాజు తాత టీ తాగే చోటు

సోమవారం. పడమటి గాలి, నీరసంగా.

నేను తాడు కొన్నానంటే మా ఇంట్లో దానికి తాడు తప్ప మిగతా అర్థాలన్నీ తీశారు.

అమ్మ లెక్కలో అది ప్రేమ. తాళ్లూ కప్పీలూ అమ్మే కొట్టుకి పెళ్లీడు పిల్ల పదే పదే వెళ్తోందంటే, ఆ కొట్టులో తాళ్లూ కప్పీలూ కాక మరేదో ఉండి తీరాలి. కాసులత్త లెక్కలో అది గ్రహచారం. నాన్నకి స్వయానా చెల్లెలు కాబట్టి మా ఇంటి గ్రహాలన్నిటితోనూ ఆవిడకి నేరుగా పరిచయం. నాన్న లెక్కలో అది పేర్రాజు తాత మీద తిరుగుబాటు. తాత పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ల మీద తిరగబడేంత తీరిక నాకు లేదని ఎవరికీ తోచలేదు. "దాక్షాయణీ, ఆ తాడు దేనికమ్మా?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అందుకని ఇక్కడ రాసిపెడుతున్నాను. పడవ ఉన్న ప్రతి ఇల్లూ దినచర్య రాయాలని గాలి శాఖ నియమం ఎలాగూ ఉంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఆ పనీ పెట్టే చేసేది. "వెళ్లాం, టీ తాగాం, వచ్చాం." ప్రతి రోజూ అదే.

పెట్టె అంటే మా పడవలో తెరచాప కొయ్య మొదట్లో ఉండే చాప పెట్టె. నీళ్ల పైన మిగిలిన వంతెన మీదుండే మా వంతెనపేటలో అందరి పడవల్లోనూ ఒకటి ఉంటుంది. చాపల తాళ్లన్నీ దాని నోట్లోకి వెళ్తాయి, చుక్కాని దానికి తగిలించి ఉంటుంది. అదే లాగుతుంది, అదే వదులుతుంది. ఏ ఇంటి పెట్టెలో ఆ ఇంటి పెద్ద చేయి ఉంటుంది. అంటే ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ కాలం బండి నడిపినవారి అలవాట్లు, గొంతుతో సహా. మా ఇంట్లో అది పేర్రాజు తాత. తాత తన జన్మలో పడవ నడపలేదు. అమలాపురం నుంచి రావులపాలెం బస్సు నడిపాడు, ఆ ఊళ్లు రెండూ నీళ్ల పైన ఉన్న రోజుల్లో.

అందుచేత మా పడవ సముద్రంలో కూడా ఎడమ పక్కనే పోతుంది. బడి ఉండే చోట హారన్ కొట్టి నెమ్మదిస్తుంది. బడి నీళ్ల అడుగున ఉంది, పిల్లలు వంతెన మీద ఉన్నారు, హారన్ వినేవి చేపలు. మల్లేశు టీ కొట్టు మునిగిన చోటికి రాగానే రెండు చాపలూ వదిలేసి, "ఆయ్, ఆగండాగండి. టీ తాగేసి ఎల్దామండి" అంటుంది తాత గొంతుతో. ఒక టీ తాగేటంత సేపు చాపలు టపటపా కొట్టుకుంటాయి. తర్వాత "పోనిద్దాం" అని తాళ్లు లాగుతుంది.

ఇక ఆ పడవలో నా ఉద్యోగం. నేను వాయుశాస్త్రంలో డిగ్రీ చదివాను. చాప వంపు మీద నేను రాసిన వ్యాసం కాలేజీ గోడకి చాలా రోజులు అంటించి ఉంది. ఇంటి పడవలో నా పని బరువు. గాలి ఎటు నుంచి వస్తే అటు అంచు మీద కూర్చోవాలి, పడవ ఒరగకుండా. మలుపు తిరిగితే లేచి ఇటు వచ్చి కూర్చోవాలి. ఇసక మూట కూడా ఈ పని చేస్తుంది. ఇసక మూటకి సంబంధాలు చూడనక్కర్లేదు, అంతే తేడా.

ఇప్పుడు తాడు సంగతి. లైటుపాలెం మాకు బయటి దీవి. అక్కడికి మందులు పట్టుకెళ్లే పడవ మాస్టారికి కళ్లు మందగించి మానేశారు. అప్పటినుంచి మందులు అటు పోయే వాళ్ల పడవల్లో వెళ్తున్నాయి. పోయిన నెల ఇన్సులిన్ ఒక పెళ్లివారి పడవలో వెళ్లింది. పెళ్లివారి పెట్టెలో ఉన్నది వాళ్ల మామ్మ చేయి. దారిలో ఉన్న ప్రతి చుట్టం ఇంటి దగ్గరా ఆపి పలకరించింది. లైటుపాలెంలో నర్సుగా ఉన్న ఎస్తేరు, కాలేజీలో నా పక్క బెంచీ, రేడియోలో ఒకటే మాటంది: "సీసాలు ఎండకి ఉడికిపోయి వచ్చాయే. అన్నీ పారబోశాను. ఇక్కడ బడిపంతులు మూర్తి గారికి ఇన్సులిన్ అందక కాలు తీసేశారు."

కొత్త మాస్టారు కావాలని గాలి శాఖ చాటింపు వేసింది. షరతు ఒకటే. మందుల పెట్టెకి చోటు కావాలి కాబట్టి పడవలో ఒక్కరే ఉండాలి, చాప పెట్టె సాయం లేకుండా అన్ని తాళ్లూ చుక్కాని దగ్గర కూర్చునే లాగాలి. పరీక్ష వచ్చే వారం శుక్రవారం.

అందుకు తాడు.

బుధవారం. గాలి లేదు.

మంగతాయారు కొట్టు మునిగిన ఊళ్ల ఇనుముతో నిండి ఉంటుంది. ఆవిడ చేతికి ఏది దొరికినా కప్పీ అయిపోతుంది: సైకిలు చక్రం, బావి గిలక, లిఫ్టు ముక్క. నా ఇబ్బంది ఆవిడకి చెప్పాను. పెట్టె మోటారుకి బలం ఎక్కువ కాబట్టి పెద్దచాప తాడు రెండింతల కప్పీతోనే నడుస్తుంది. నా చేతులకి ఆ బలం లేదు. కప్పీలు పెంచి, బరువుని నాలుగో వంతుకో ఆరో వంతుకో దించాలి.

"ఎనిమిదింతలు పెట్టేసుకో అమ్మాయ్. చిటికెన వేలితో లాగేయొచ్చు" అంది మంగతాయారు.

"లాగొచ్చండి. కానీ అంత పొడుగు తాడు లాగడం అయ్యేసరికి తుపాను వచ్చి వెళ్లిపోతుంది."

"పోనీ రెండు రకాలూ కొనేసుకో. గట్టి గాలికొకటీ, మామూలు గాలికొకటీ."

"నాకున్నవి రెండు చేతులేనండి."

"చదువుకున్నవాళ్లతో బేరం ఇంతే" అని ఆవిడ నిట్టూర్చి నాలుగింతల కప్పీలే తీసింది. తర్వాత మొసళ్లు తీసింది. రెండు పళ్ల చక్రాల మధ్య తాడుని కరిచి పట్టుకునే బిళ్లని మా పేటలో మొసలి అంటారు. మనం లాగితే తాడుని రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. తాడు పైకెత్తి తీస్తేనే వదులుతుంది. నా పథకమంతా మొసళ్ల మీదే ఉంది. కొయ్య మొదట్లో ఆగిపోయే తాళ్లన్నిటినీ కప్పీల మీదుగా వెనక్కి, చుక్కాని దగ్గరికి తెచ్చి, ఒక్కోదానికీ ఒక్కో మొసలి బిగిస్తే, కూర్చున్న చోటి నుంచే పడవ మొత్తం చేతిలో ఉంటుంది.

ఒక్క లోటు. కొట్టులో ఒకటే రంగు తాడు ఉంది, తెలుపు.

మొసళ్లు మూట కట్టించుకుని తిరిగేసరికి గుమ్మంలో అమ్మా, కాసులత్తా. అమ్మ చేతిలో కాజాల పొట్లం. అమ్మ కొత్త చీర కట్టుకుంది. నాకు సంగతి అర్థమై గోడకున్న గొలుసులు చూస్తూ నిలబడ్డాను.

"మీ అబ్బాయి కనపడ్డేంటండి?" అంది అమ్మ, మంగతాయారుతో, చాలా మర్యాదగా.

"ఏ అబ్బాయండి?"

"అదేనండి. మీ అబ్బాయి."

"నాకు అబ్బాయిల్లేరండి. ఒక్కతే కూతురు, పెళ్లి చేసేశాను."

అమ్మ కొట్టంతా కలియజూసింది. కాసులత్త పెద్ద గిలక వెనక్కి కూడా తొంగిచూసింది.

"మేనల్లుడా?" అంది అత్త.

"మేనల్లుడూ లేడండి. ఉన్నవన్నీ కప్పీలే. తీసుకుంటారా?"

అమ్మ ఇంటికొచ్చాక కాజాల పొట్లం బల్ల మీద పెట్టి, "దాచిపెట్టింది. లేకపోతే ఏ తల్లైనా కొడుకు లేడని అంత గట్టిగా చెబుతుందా?" అంది.

కాజాలు నేను తిన్నాను.

ఆదివారం. నైరుతి గాలి, గట్టిగా.

ఆదివారాలు మా ఇల్లంతా పడవెక్కుతుంది. పేరుకి చేపల సంతకి. నిజానికి టీ కోసం. మల్లేశు కొట్టు దగ్గర పెట్టె చాపలు వదలగానే నాన్న ఫ్లాస్కు మూత తీసి రెండు గ్లాసుల్లో టీ పోస్తాడు. ఒకటి తాగుతాడు. రెండోది నీళ్లలో ఒంపుతాడు. ఆ కాస్త సేపూ నాన్న పెట్టెతో మాట్లాడతాడు, పేటలో జరిగినవన్నీ. పెట్టె అన్నిటికీ "ఆయ్" అంటుంది. తాత బతికుండగా ఆయన మాట ఇంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు.

నేను దీన్ని వెక్కిరించను. కానీ నీళ్లు చూస్తాను, అది నా చదువు. పోయిన వరదకి పాత వంతెన కిందిమట్టం ఎక్కడో తెగింది. అప్పటినుంచి సరిగ్గా టీ కొట్టు మీదుగా ఒక పాయ మొదలై, తిన్నగా విరిగిన స్తంభాల వైపు పోతోంది. చాపలు వదిలిన పడవని ఆ పాయ తీసుకుపోతుంది. మా పడవ అడుగున బరువైన ఇనప రెక్క ఉంది. పడవ బోర్లా పడకుండా కాపాడేది అదే, స్తంభాల్లోంచి నీళ్లలోకి పొడుచుకొచ్చిన కమ్మీలకి తగులుకునేదీ అదే. ఇలా కొట్టుకుపోవడం పోయిన నెలంతా పెరుగుతూ వచ్చింది. పెట్టెకి తిరిగి దారిలోకి రావడానికి ఎక్కువ సేపు పడుతోంది.

"మన నాన్న ఈమధ్య రెండో టీ కూడా తాగుతున్నట్టున్నాడన్నయ్యా" అంటుంది అత్త.

ఇవాళ రెక్క తగిలింది. కింద నుంచి గరగరమని చప్పుడు, పడవ ఒక్కసారిగా ఆగి పక్కకి ఒరిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాన్న చేతిలో గ్లాసు నీళ్లలో పడింది. పెట్టె తాపీగా, "పోనిద్దాం" అంది. అల ఒకటి వచ్చి మమ్మల్ని లేపింది కాబట్టి బయటపడ్డాం.

"నాన్నా, ఇక్కడ ఆగకూడదు. పాయ మారింది. ఇంకోసారి ఇలాగే తగిలితే రెక్క ఊడిపోతుంది" అన్నాను.

"మీ తాత ముప్పై ఏళ్లు బస్సు నడిపాడమ్మా. ఒక్క యాక్సిడెంటు లేదు."

"బస్సు ఆపితే ఆగుతుంది నాన్నా. నీళ్లు ఆగవు."

"మా నాన్నకి తెలీదంటావా?"

"తెలీదు. ఆయనకి తెలిసే అవకాశమే లేదు."

నాన్న నావైపు చూడలేదు. ఫ్లాస్కు మూత బిగించాడు, ఎప్పటికన్నా గట్టిగా. కాసులత్త మాత్రం విషయం తేల్చేసింది: "దిష్టి. కొత్త తాళ్లు కొన్నామని పేటంతా చూశారుగా."

సాయంత్రానికి పడవ ముక్కుకి నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి.

మంగళవారం. గాలి అటూ ఇటూ.

కొయ్య మొదట్లో కప్పీలు బిగించాను. తాళ్లు పెట్టె నోట్లోంచి ఊడదీసి, కప్పీల కిందుగా తిప్పి, పడవ గది కప్పు మీదుగా వెనక్కి తెచ్చాను. పెద్దచాప ఎత్తే తాడు, పెద్దచాప లాగే తాడు, చాప అడుగంచుకి ఉండే అడ్డకర్రని కిందికి దించి పట్టే తాడు, గాలి ఎక్కువైతే చాప కుదించే తాడు, ముందుచాప తాళ్లు రెండు. చుక్కానికి రెండు పక్కలా మొసళ్లు వరసగా నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. అంత అందమైన వస్తువు నేను నా చేత్తో చేయలేదు.

పెట్టెని మాత్రం తీయలేదు. దానికిప్పుడు తాళ్లూ లేవు, చుక్కానీ లేదు. మాటలున్నాయి. మధ్యమధ్య మోటారు గిర్రున తిరిగి, ఏదీ దొరక్క ఆగిపోతోంది.

పేట ముందే ఒక చుట్టు తిరిగి చూద్దామనుకున్నాను. కాసులత్త ఎక్కి కూర్చుంది. నామీద నిఘాకని పైకి చెప్పలేదు, సజ్జలు ఎండబెట్టడానికి పడవలో ఎండ బాగుంటుందంది. గాలి కాస్త పెరిగింది. అడ్డకర్ర దించే తాడు వదులుదామని మొసలి నోట్లోంచి ఒకటి లేపాను. అన్నీ తెలుపే కదా. నేను లేపింది పెద్దచాప ఎత్తే తాడు. చాప మొత్తం పైనుంచి కిందికి జారి అత్త మీదా సజ్జల మీదా పడింది.

చాప కింద నుంచి అత్త, "చంపేసిందిరా దేవుడో, నా అన్న కూతురే చంపేసింది" అని పేటంతా వినిపించేలా అరిచింది. గట్టు మీద జనం పోగయ్యారు. పెట్టె హారన్ కొట్టింది.

పడవ గట్టుకి తగలగానే అమ్మ వచ్చి చాప ఎత్తి అత్తని బయటికి తీసింది. తర్వాత తాళ్లవైపు చూసింది.

"అన్నీ తెల్లగా ఉంటే ఏది ఏదో ఎలా తెలుస్తుందే నీకు?"

"అలవాటైపోతుందమ్మా."

"ఏం అలవాటు? కందిపప్పు డబ్బాకీ పెసరపప్పు డబ్బాకీ గుర్తు పెట్టుకోకుండా వంటింట్లో నేను ఒక్క రోజు బతకగలనా? ఇంత చదివి ఇదా తెలివి?"

ఇంట్లోకి వెళ్లి పాత చీరల అంచులు చింపి తెచ్చింది. నేను చెబుతుంటే ఒక్కో తాడు కొసకీ ఒక్కో పీలిక కట్టింది. పెద్దచాప ఎత్తేదానికి పెళ్లినాటి ఎర్ర పట్టు, లాగేదానికి ఆకుపచ్చ, కుదించేదానికి నల్లంచు. అన్నీ కట్టాక ఒక తాడు లాగి చూసింది. మొసలి కరిచి పట్టుకుంది. ఇంకోసారి లాగింది.

"బానే ఉందే" అంది. వెంటనే, "కొట్టావిడ కొడుకు నేర్పాడా?" అంది.

శుక్రవారం. నైరుతి గాలి, చాలా గట్టిగా.

పరీక్ష.

రేవులో ఇన్‌స్పెక్టరు కోదండపాణి గారు తన పడవలో కూర్చుని ఉన్నారు. పాత వంతెన స్తంభాలు దాటి, అవతల తేలుతున్న ఎర్ర పీపాని చుట్టి రావాలి. ఆయన నా వెనకే వచ్చి చూడాలి.

"బయల్దేరమ్మా, వెనకే వస్తాను" అన్నారు.

నేను బయల్దేరాను. ఆయన రాలేదు. ఆయన పెట్టెలో వాళ్ల ముత్తాత చేయి ఉందట. ఆ ముత్తాత ఎడ్లబండి తోలుతూ ఊరూరా జాతకాలు చెప్పేవాడు. వర్జ్యంలో బండి కట్టేవాడు కాదు. పడవా కదల్లేదు.

అంతవరకూ నాకేం ఇబ్బంది లేదు. కానీ నాకన్నా ముందే లేచి ఒకరు నా పడవ దగ్గరికి వెళ్లారని నాకు తెలియదు. కాసులత్త నా మీద కోపం మాని, శుభమా అని పరీక్షకి పోతున్నానని, కొత్త సామాన్లన్నిటికీ పూజ చేసింది. ప్రతి మొసలి నోటినీ నూనెలో తడిపిన పసుపుతో నిండుగా మెత్తి, కుంకుమా పువ్వులూ పెట్టింది. చీకటి మసకలో నాకు కనిపించింది పైన ఉన్న పువ్వులే. బొట్లు చూసి ముచ్చటపడ్డాను కూడా. పళ్ల మధ్యలోకి ఎంత వెళ్లిందో చూడలేదు.

పేట దాటేవరకు గాలి తక్కువ, తాళ్లు నిలిచాయి. బడి దాటాను. పెట్టె హారన్ కొట్టింది. మల్లేశు కొట్టు దగ్గరికి వచ్చేసరికి చాప నిండా గాలి, తాడు బిగుసుకుని ఉంది.

"ఆయ్, ఆగండాగండి. టీ తాగేసి ఎల్దామండి."

"ఇవాళ వద్దు తాతా" అన్నాను పైకే.

అన్నానో లేదో, ఆకుపచ్చ పీలిక నా కళ్ల ముందు నుంచి సర్రున పరుగెత్తింది. మొసలి పళ్లు పసుపు మీద జారి తాడుని వదిలేశాయి. పెద్దచాప టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ముందుచాప తాడూ జారింది. పడవ ఆగిపోయింది. సరిగ్గా తాత ఆపే చోట, తాత ఆపినట్టే. పెట్టె తృప్తిగా, "ఆయ్" అంది.

పాయ పడవని పట్టుకుంది. విరిగిన స్తంభాలు పెద్దవవుతున్నాయి. మొదటి దాని పొట్టలోంచి తుప్పు పట్టిన కమ్మీలు బయటికి చాచుకుని ఉన్నాయి. వాటిలో ఇనప రెక్క ఇరుక్కుంటే ఎలాంటి చప్పుడొస్తుందో ఆదివారం విన్నాను. అప్పుడు నలుగురం. ఇప్పుడు బరువుగా కూర్చోవడానికి కూడా ఇంకెవరూ లేరు.

చుక్కాని కర్రని మోకాలితో నొక్కి పట్టాను. పెద్దచాప తాడుని అందుకుని లాగాను. కొత్త కప్పీలు తమ పని తాము చేశాయి. నాలుగో వంతు బరువు నా చేతులు మోయగలవు. తాడుని మొసలికి అప్పగించకుండా నా అరికాలి కింద రెండు చుట్లు తిప్పి నేలకి తొక్కిపట్టాను. చాప నిండింది. పడవ కొంచెం ముందుకి కదిలింది, పాయ పక్కకి లాగుతోంది. ముందుచాప తాడు పళ్లతో పట్టుకుని, జడలోంచి పిన్ను లాగి మొసలి నోట్లో పెట్టి పసుపు గీకాను. ముద్దలుగా వచ్చింది. మీద ఉప్పునీళ్లు కొట్టి మళ్లీ గీకాను. ఆకుపచ్చ పీలిక తాడుని మొసలి నోట్లో పెట్టి లాగి వదిలాను.

మొసలి కరిచింది.

కమ్మీలు నా ఎడమ చేతికి అందేంత దగ్గరగా వెనక్కి పోయాయి. ఎడమ పక్కనే పోవాలన్న తాత నియమం అప్పుడు మొదటిసారి తప్పి, పడవని కుడికి కొట్టాను. మిగతా మొసళ్లు పీపా చుట్టేలోపు ఒక్కొక్కటే శుభ్రం చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు అదే చోట పెట్టె మళ్లీ ఆగమంది. మోటారు ఖాళీగా గిర్రున తిరిగింది. నేను ఆగలేదు. తాత గొంతు ఇంకోసారి, కాస్త అనుమానంగా, "ఆగండాగండి" అంది. ఆ గొంతు వెనక్కి పోతున్నట్టనిపించింది. నిజానికి అది నా కాళ్ల దగ్గరే ఉంది.

రేవులో అమ్మ నా చేతులు చూసింది. మోచేతుల దాకా పసుపు. అమ్మ ముఖం ఒక్క క్షణం వెలిగింది. నేను జరిగింది చెప్పాను. వెలుగు పోయింది. కాసులత్తవైపు చూసిన చూపు మాత్రం నేను బతికున్నంత కాలం దాచుకుంటాను.

"పూజ ఫలించబట్టే కదా వెనక్కొచ్చింది" అంది కాసులత్త.

శనివారం. గాలి తగ్గింది.

కోదండపాణి గారు ఇంటికి వచ్చారు.

"వెళ్లడం చూశాను, రావడం చూశాను. మధ్యలో ఏం జరిగిందో నీ మనస్సాక్షికి వదిలేస్తున్నానమ్మా. పాసు. కానీ చిన్న చిక్కుంది. పెట్టె వాడుకలో లేని ఇంటికి మందుల పడవ పని ఇవ్వకూడదని నియమం. పెద్దల చేయి తీసేసిన ఇల్లని శాఖలో మాటొస్తుంది."

"పడవలో వాడకూడదన్నది కూడా మీ నియమమే కదండి?"

"అవును. పడవలో వాడకూడదు. వాడుకలో మాత్రం ఉండాలి."

"పడవలోనే ఉండాలని రాసుందా?"

ఆయన ఆలోచించారు. "రాసి ఉండదు. పడవలో కాక పెట్టె ఇంకెక్కడ వాడతారని రాయలేదు."

పెట్టెని పడవలోంచి విప్పి డాబా మీదికి మోశాను. నాన్న ఆపలేదు, సాయమూ పట్టలేదు. అమ్మ బట్టలారేసే తాడుని పెట్టె నోట్లో పెట్టాను. రెండో కొస గోడ మేకుకి. తాడు మీద తడి చీరలు నాలుగు. గాలి వీచింది, చీరలు ఉబ్బాయి. పెట్టె తాడుని కాస్త వదిలింది. గాలి తగ్గింది, బిగించింది. చూస్తే చాలా నేర్పుగా ఉంది. బట్టలారేయడానికి తాత పుట్టినట్టే ఉంది.

"ఆయ్, ఆగండాగండి. టీ తాగేసి ఎల్దామండి" అంది పెట్టె, ఎక్కడికీ పోకుండానే. డాబా మీద ఇక ఎప్పుడూ ఆగి ఉండటమే కాబట్టి, మల్లేశు కొట్టు దగ్గరే ఉన్నాననుకున్నట్టుంది.

అమ్మ టీ పెట్టింది. ఇన్‌స్పెక్టరు గారు చీరల కింద కుర్చీ వేసుకుని తాగారు. "గాలి, గుడ్డ, తాడు. శాఖ దృష్టిలో ఇది చాపే" అని సంతకం పెట్టారు.

అమ్మ చీరలు ఇప్పుడు పేర్రాజు తాత అధీనంలో ఉన్నాయి.

ఆదివారం. నైరుతి గాలి, నిలకడగా.

పొద్దున్న నాన్న ఫ్లాస్కు పట్టుకుని డాబా మీదికి వచ్చాడు. రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకటి తాగాడు. రెండోది ఎక్కడ ఒంపాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కింద సిమెంటు. చివరికి తులసి కుండీలో పోశాడు.

"ఇక్కడ బాలేదమ్మా" అన్నాడు.

నేను తాడు కొసకి ఎర్ర పీలిక మళ్లీ కుడుతున్నాను. పాతది పరీక్షలో చిరిగింది.

"వారానికి ఒక్కసారి. ఆదివారం ఒక్కటి. పెట్టెని పడవలో పెట్టుకుని అక్కడికెళ్లి ఒక్క టీ తాగి వచ్చేద్దాం. మిగతా రోజులన్నీ నీ ఇష్టం. నేనెప్పుడైనా నిన్నేదైనా అడిగానా, దాక్షీ?"

ఆయన ఎప్పుడూ ఏదీ అడగలేదు. అది నిజం. ఆదివారాలు ఆయన పెట్టెతో ఏం మాట్లాడేవాడో నాకు తెలుసు, అన్నీ విన్నాను. సగం నా గురించే. దీనికి చదువెక్కువైంది నాన్నా, ఏం చేయాలో తెలీటం లేదు, అనేవాడు. పెట్టె "ఆయ్" అనేది. నాన్న ఒక్కసారి కూడా బరువుగా కూర్చున్న నావైపు తిరిగి అడగలేదు.

గాలి వీచింది. తలపైన చీరలు ఉబ్బాయి. పెట్టె తాడు వదిలింది.

"లేదు నాన్నా, కుదరదు" అన్నాను.

నాన్న గ్లాసులు తీసుకుని కిందికి వెళ్లాడు.

ఎస్తేరు రేడియోలో మందుల జాబితా చదివింది. ఇన్సులిన్, పాము విరుగుడు, పసిపిల్లల చుక్కలు. ఐసు పెట్టె తెడ్ల పక్కన పట్టింది. నా బరువుకి సరితూగేలా ఎదురు అంచున ఇసక మూట పెట్టాను.

పెట్టె పడవలోకి తిరిగి రాదు. మల్లేశు కొట్టు దగ్గర నేను ఆగను. రేపు తెల్లవారగానే లైటుపాలెం వెళ్తున్నాను, ఒక్కదాన్నే.